కొత్తగా షిఫ్ట్ ఇన్‌ఛార్జ్ అయినవాడిలో కింద పనిచేసేవాళ్లు ఏం చూస్తారు?

పరవాడ_కంప్రెషన్ అడిగారు:

అందరికీ నమస్కారం. మాది మాత్రలు తయారయ్యే ప్లాంటు. కంప్రెషన్ (మాత్రలు నొక్కడం), కోటింగ్ (పూత వెయ్యడం) కలిపి షిఫ్టుకి 28 మంది, అందులో 11 మంది కాంట్రాక్టువాళ్లు. ఇన్నాళ్లూ అదే బేలో ఆపరేటర్‌ని, వచ్చే ఒకటో తారీఖు నుంచి షిఫ్ట్ ఇన్‌ఛార్జ్‌ని. నాకంటే సీనియర్లు ఆరుగురు ఇకమీద నా కింద పనిచేస్తారు.

మంచి బాస్ ఎలా ఉండాలని ఎవరినడిగినా "అర్థం చేసుకునే మనిషై ఉండాలి" అంటారు. ఆ మాట నిజమే. కానీ రాత్రి రెండున్నరకి ఎవరో ఒక చెక్ మర్చిపోతే, సంక్రాంతికి పదిహేను మంది ఒకేసారి సెలవడిగితే, పాత స్నేహితుడు రోజూ పది నిమిషాలు లేటుగా వస్తే, అర్థం చేసుకోవడం అంటే అక్కడ సరిగ్గా ఏం చెయ్యాలి? ఫ్లోర్ మీద పని చేసినవాళ్లు, చేయించినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

పాత_ప్రొడక్షన్ జవాబు:

బాబూ, మంచితనం కన్నా ముందు వాళ్లు వెతికేది నిలకడ. ఫలానాది జరిగితే ఈయన ఏమంటాడో వాళ్లకి ముందే తెలియాలి. ఎప్పుడూ గట్టిగా మాట్లాడే బాస్‌తోనైనా నెట్టుకొస్తారు గానీ, సోమవారం నవ్వి వదిలేసిన తప్పుకే గురువారం విరుచుకుపడేవాడితో వేగలేరు. అలాంటి చోట షిఫ్టు మారేటప్పుడు మాట్లాడుకునేది బ్యాచ్ గురించి కాదు, "ఈవేళ సార్ ఎలా ఉన్నాడు" అని.

మీరన్న రెండున్నర చెక్కే తీసుకుందాం. అరగంటకోసారి బరువు, హార్డ్‌నెస్, మందం చూడాలి. రెండింటిది చూశాడు, రెండున్నరది మర్చిపోయాడు, మూడింటికి గుర్తొచ్చింది. భయపడే మనిషైతే రెండింటి అంకెలనే అటూఇటూ మార్చి రెండున్నర గడిలో రాసేస్తాడు. కానీ బరువు తూచే బ్యాలెన్స్ ఇచ్చే ప్రింటౌట్ మీద టైము ఉంటుంది. ఎప్పుడో ఆడిట్‌లో ఆ ప్రింటౌటూ బీఎంఆర్ (బ్యాచ్ తయారీ రికార్డు) పేజీ పక్కపక్కన పెడతారు. అప్పుడది మర్చిపోయిన చెక్ కాదు, దొంగ రికార్డు. ఆ ఒక్క గడితో బ్యాచ్‌లోని మిగతా గడులన్నీ అనుమానంలో పడతాయి, ఆ మనిషి సంతకం పెట్టిన ఇతర బ్యాచ్‌లతో సహా.

భయం లేని మనిషి మూడింటికే వచ్చి చెప్తాడు. అప్పుడు మీరు చెయ్యాల్సింది: మెషిన్ ఆపించి ఆ నిమిషానికే పూర్తి చెక్ చేయించండి. రెండున్నర గడిలో "చెక్ జరగలేదు" అని రాయించి, రాసిన అసలు టైము వేయించి సంతకం తీసుకోండి. రెండింటి చెక్ తర్వాత నిండిన డ్రమ్ములన్నిటికీ హోల్డ్ లేబుల్ వేసి పక్కన పెట్టించండి. క్యూఏకి (నాణ్యత చూసే విభాగం) తెల్లారేదాకా ఆగకుండా అప్పుడే ఫోన్ చేసి డీవియేషన్ (పద్ధతి తప్పిందని రాసే నమోదు) తెరిపించండి. గంటకు లక్ష మాత్రలు కొట్టే మెషిన్ అనుకుంటే, తేల్చుకోవాల్సింది ఆ లక్ష గురించే. బ్యాచ్ మొత్తం నెత్తిన పడదు.

ఇదంతా ఆ వార్త వినగానే మీ నోట వచ్చే మొదటి మాట మీద ఆధారపడి ఉంటుంది. మూడు ప్రశ్నలు అలవాటు చేసుకోండి, ఇదే వరసలో. ఎవరికైనా దెబ్బ తగిలిందా? మెషిన్ ఆపారా? చివరిసారి సరిగ్గా జరిగిన చెక్ ఎన్నింటికి? "ఎవరు చేశారు" అన్నది ఈ మూడూ తేలాకే. మొదటి ప్రశ్నే "ఎవడు?" అయితే, ఇంకోసారి అలాంటి వార్త మీ దాకా రాదు.

ఒక హెచ్చరిక. ఇలా నడిపితే మొదటి రెండు మూడు నెలలు మీ షిఫ్ట్‌లో డీవియేషన్లు పెరుగుతాయి. కంగారు పడకండి. 1990లలో అమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు అమెరికా ఆసుపత్రుల్లో మందులిచ్చేటప్పుడు జరిగే పొరపాట్లను వార్డుల వారీగా చూశారు. నాయకత్వం బాగున్న వార్డుల్లోనే పొరపాట్లు ఎక్కువగా నమోదయ్యాయి. అక్కడివాళ్లు దాచకుండా చెప్తున్నారు కాబట్టి. మీ మేనేజర్‌కి ఈ సంగతి ముందే చెప్పి పెట్టుకోండి. లేకపోతే నెలాఖరు గ్రాఫ్ చూసి మిమ్మల్నే నిలదీస్తారు. చిన్నవి పెరిగి, పెద్దవి తగ్గుతున్నాయా అన్నది చూడమనండి.

ఇక హ్యాండోవర్. ఆఫీసు గదిలో కూర్చుని కాదు, మెషిన్ దగ్గర నిలబడి, పదిహేను నిమిషాలు. ఏ బ్యాచ్ ఏ దశలో ఉంది, బరువు ఎటు జరుగుతోంది, ఏ పంచ్ (మాత్రని నొక్కే ముక్క) మార్చారు, క్యూసీకి (పరీక్షల ల్యాబ్) పంపిన ఏ శాంపిల్ ఇంకా రాలేదు, మనుషుల్లో ఎవరు తక్కువ. నోటితో చెప్పి, లాగ్‌బుక్‌లో రాసి, ఇద్దరూ సంతకం పెట్టాలి. పొద్దున్న ఆరింటి షిఫ్టువాడికి రాత్రి షిఫ్టు గొడవ అంటగట్టకుండా కాపాడేది ఆ సంతకమే. తమ మీద లేనిపోనిది పడకుండా చూసే ఇన్‌ఛార్జ్‌ని మనుషులు చాలాకాలం గుర్తుపెట్టుకుంటారు.

పాశమైలారం_ఆపరేటర్ జవాబు:

అన్నా, సార్ చెప్పింది నూటికి నూరుపాళ్లు కరెక్ట్. ఆపరేటర్ల దిక్కు నుంచి ఇంకొన్ని చెప్త.

సెలవు. "చూద్దాం" అనే మాట నీ నోట్ల నుంచి రావద్దు. చూద్దాం అంటే కాదనే లెక్క, కానీ కాదన్న మాట కూడ చెప్పలేదు. మనిషి ఇంట్ల వాళ్లకు ఏం చెప్పాల్నో తెల్వక నలుగుతడు. రెండు రోజులల్ల అవునో కాదో చెప్పు, కాకుంటే ఎందుకు కాదో చెప్పు. "ఆ తారీఖు ఇప్పటికే ఎనిమిది మంది ఉన్నరు, తెల్లారి అయితే ఇస్త" అంటే ఎవ్వరు మనసుల పెట్టుకోరు.

పండుగల సంగతి వేరే. ఇప్పుడు రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తరు, 2024 నవంబర్ నుంచి గట్లనే నడుస్తున్నది. జనవరి 12కు టికెట్ కావాల్నంటే నవంబర్ 13 పొద్దుగాల బుక్ చెయ్యాలె. నువ్వు డిసెంబర్ల సెలవు ఒప్పుకుంటే ఏం ఫాయిదా? అప్పటికి టికెట్లు ఉండవు. అందుకే నవంబర్ 10 లోపల లిస్టు అయిపోవాలె. మెషిన్లు నడవాల్నంటే కనీసం ఎంత మంది కావాల్నో ముందు లెక్క తియ్యి. 28ల 20 కావాల్నంటే 8 సెలవులు. పోయిన సంవత్సరం ఎవరు పోయిండ్రో, ఎవరు డ్యూటీ చేసిండ్రో బోర్డు మీద రాయి. పోయినసారి చేసినోళ్లకు ఈసారి ముందు. మీ దిక్కు సంక్రాంతికి కొట్లాట, మా దిక్కు దసరా, బతుకమ్మకు. ఒడిశా, బిహార్ పిల్లలు ఉంటే వాళ్లను హోలీ, ఛఠ్ గురించి కూడ అడుగు. వాళ్లు నోరు తెరిచి అడగరు. వాళ్లను యాది పెట్టుకున్న ఇన్‌ఛార్జ్ కోసం వాళ్లు పానం పెడతరు.

రిలీవర్. ఇది చానమందికి సమజ్ కాదు. కంప్రెషన్ ఏరియాల నుంచి టాయిలెట్‌కు పోవాల్నంటే గౌన్ విప్పాలె, బూట్ కవర్లు తియ్యాలె, మళ్ల చేతులు కడుక్కొని అన్ని వేసుకోవాలె. మొత్తం పావుగంట. మెషిన్ చూసెటోడు లేకుంటే మనిషి పోడు. పోకుండ ఉండాల్నని నీళ్లు తాగుడు బంద్ చేస్తడు. ఎండాకాలంల ఏమైతదో చెప్పే అవసరం లేదు, ఆడవాళ్లకైతే ఇంకా కష్టం, మూత్రంల ఇన్‌ఫెక్షన్లు వస్తయి. కాబట్టి షిఫ్ట్‌కు ఒక రిలీవర్‌ను పక్కా పెట్టు, రెండు గంటలకు ఒకసారి ఆయనే ప్రతి మెషిన్ కాడికి వచ్చి "పోయి రా" అనాలె. అడిగి పోవుడు వేరు, పంపుడు వేరు. ఎవరెన్ని సార్లు పోయిండ్రో మాత్రం లెక్క పెట్టకు.

ఫోన్. నైట్ డ్యూటీ చేసినోనికి పొద్దున పదకొండుకు ఫోన్ కొట్టి "ఆ స్పానర్ ఏడ పెట్టినవ్" అని అడగొద్దు. హ్యాండోవర్ మంచిగ రాస్తే ఆ ఫోన్ అవసరమే పడదు. వాట్సాప్ గ్రూప్‌ల ఎవరి తప్పు ఫొటో పెట్టకు. పెట్టినవంటే అది ఇంట్ల పిల్లలు కూడ చూస్తరు.

కాంట్రాక్ట్ పిల్లలను పేరు పెట్టి పిలువు. 11 మంది పేర్లు మొదటి వారంలనే నేర్చుకో. "ఏయ్ కాంట్రాక్ట్" అనే పిలుపు నీ షిఫ్ట్‌ల వినపడొద్దు. గ్లౌస్, మాస్క్, ఇయర్ ప్లగ్ పర్మనెంట్ వాళ్లకు ఏది ఇస్తే వాళ్లకు గదే.

హెచ్‌ఆర్_టేబుల్ జవాబు:

రోస్టర్ గురించి ఎవరూ రాయలేదు, నిజానికి ఎగ్జిట్ ఇంటర్వ్యూల్లో జీతం తర్వాత ఎక్కువగా వినపడేది ఇదే. నెల రోస్టర్ కనీసం ఏడు రోజుల ముందు బోర్డు మీద ఉండాలి. తర్వాత మార్చాల్సి వస్తే మనిషిని అడిగి మార్చండి, బోర్డు మీద దిద్ది వెళ్లిపోకండి.

షిఫ్టులు ఉదయం (ఏ), మధ్యాహ్నం (బీ), రాత్రి (సీ) అనే వరసలో తిరిగితే ఒంటికి తేలిక. అలవాటు కన్నా ఆలస్యంగా నిద్రపోవడం కంటే తొందరగా నిద్రపోవడం కష్టం. కానీ ఈ వరసలోనూ ఒక చోట చిక్కుంది, లెక్కేసి చూడండి. వారం సెలవు ఆదివారం అనుకుందాం. శనివారం మధ్యాహ్నం రెండింటికి ఏ షిఫ్ట్ దిగినవాడు సోమవారం రెండింటికి బీ షిఫ్ట్‌కి వస్తాడు, 48 గంటల విరామం. శనివారం రాత్రి పదికి బీ దిగినవాడు సోమవారం రాత్రి పదికి సీ ఎక్కుతాడు, అదీ 48. శనివారం రాత్రి సీ షిఫ్ట్ ఎక్కినవాడు మాత్రం దిగేసరికి ఆదివారం ఉదయం ఆరు. సోమవారం ఉదయం ఆరింటికి ఏ షిఫ్ట్. అంటే 24 గంటలే, అందులో సగం నిద్రకే పోతుంది. కాగితం మీద వారం సెలవు ఇచ్చినట్టే, మనిషికి మాత్రం దక్కనట్టే. ఆ సోమవారం పొద్దున్న బస్సులో అందరూ నిద్రపోతుంటారు, వేళ్లు నలగడం, తప్పు లేబుల్ అంటించడం లాంటివి అలాంటి షిఫ్టుల్లోనే జరిగే ప్రమాదం ఎక్కువ. ఎవరికైనా బాకీ ఉన్న కాంపాఫ్ (సెలవు రోజు పనిచేసినందుకు ఇచ్చే బదులు సెలవు) ఉంటే ఆ సోమవారానికే కేటాయించండి. ఖర్చు లేకుండా దొరికే మేలు అది.

ఓటీ (ఓవర్‌టైమ్). మామూలు రేటుకి రెండు రెట్లు అనేది 1948 ఫ్యాక్టరీల చట్టంలోనూ ఉండేది, కొత్త లేబర్ కోడ్‌లోనూ ఉంది. ఇన్‌ఛార్జ్‌లు చేసే పొరపాటు ఏమిటంటే, హాజరు మెషిన్‌లో పంచ్ అవుట్ చేయించి "ఇంకో గంట ఉండు, తర్వాత చూసుకుందాం" అనడం. పంచ్ అవుట్ అయ్యాక ప్రమాదం జరిగితే ఆ మనిషి అక్కడెందుకు ఉన్నాడో రికార్డులో ఏమీ ఉండదు. ఇన్సూరెన్సు దగ్గర్నుంచి పరిహారం దాకా అన్నీ చిక్కులే. పనిలో ఉన్నంతసేపూ పంచ్ ఉండాల్సిందే. ఓటీ షీటు ఏ రోజుది ఆ రోజే సంతకం చేసి పంపండి. నెలాఖరున గుర్తు తెచ్చుకుని రాస్తే రెండు గంటలైనా ఎగిరిపోతాయి. ఆ రెండు గంటల కోసం మనిషి మా టేబుల్ దగ్గర నిలబడాల్సి వచ్చిందంటే ఆ లోపం ఇన్‌ఛార్జ్‌దే.

ఆడవాళ్లు ఎవరైనా వేధింపు గురించి చెప్తే, "నేను మాట్లాడి సర్దుతాను" అనకండి. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెప్తోంది. ఫిర్యాదుకి మూడు నెలల గడువు ఉంటుంది, మీరు సర్దుతూ కూర్చుంటే ఆ గడువు కరిగిపోతుంది. పూర్తిగా వినండి, కమిటీ సభ్యుల పేర్లు, నంబర్లు ఇవ్వండి, ఫిర్యాదు రాయడానికి సాయం కావాలంటే చెయ్యండి, విషయం ఇంకెవరి దగ్గరా ఎత్తకండి. ఆమెని వేరే షిఫ్ట్‌కి మార్చడం పరిష్కారం అనుకోవద్దు. తప్పు చేసింది ఆమే అన్నట్టు కనపడుతుంది.

బల్క్_లైన్ జవాబు:

అన్నీ బాగానే ఉన్నాయి గానీ ఇంత మెత్తగా ఉంటే నెత్తికెక్కుతారు. ప్రొడక్షన్ టార్గెట్ ఎవరిస్తారు? మొదటి నెల గట్టిగా ఉండి, తర్వాత వదులు చెయ్యడమే మంచి పద్ధతి.

పాత_ప్రొడక్షన్ జవాబు:

మెత్తగా ఉండమని ఎవరూ అనలేదండీ. గట్టిగా ఉండటం అంటే గొంతు పెంచడం కాదు, అందరికీ ఒకే గీత గీయడం. ప్రశ్నలో ఉన్న పది నిమిషాల లేటు స్నేహితుడినే చూడండి. ఆయన్ని వదిలేసి, కాంట్రాక్టు కుర్రాడు ఐదు నిమిషాలు లేటైతే గేటు దగ్గర నిలబెట్టారనుకోండి, మిగతా 26 మంది దృష్టిలో ఆ రోజే మీ పని అయిపోయినట్టు.

క్రమం ఇలా ఉంటే సరిపోతుంది. మొదటిసారి ఒంటరిగా పిలిచి అడగాలి, ఏమైంది, బస్సు రూటు మారిందా, ఇంట్లో ఎవరికైనా బాగోలేదా అని. బస్సు లేటైతే అది మనిషి తప్పు కాదు, ట్రాన్స్‌పోర్ట్‌తో మీరు మాట్లాడాలి. రెండోసారికి తారీఖు, టైము నోట్‌బుక్‌లో ఆయన ముందే రాయాలి. మూడోసారికి కాగితం హెచ్‌ఆర్ ద్వారా వెళ్తుంది. స్నేహితుడికైనా, సీనియర్‌కైనా, కొత్త కుర్రాడికైనా ఇదే వరస. ఇన్‌ఛార్జ్ తనంతట తాను "ఈవేళ నీకు సగం జీతం" అనడానికి లేదు. కోతకి చట్టంలో ఒక పద్ధతి ఉంది, సంజాయిషీ చెప్పుకునే అవకాశం ముందు ఇవ్వాలి.

ఇక టార్గెట్. మెషిన్‌ని నిమిషానికి ఎన్ని చుట్లు తిప్పితే ఈ గ్రాన్యూల్స్ (మాత్రగా నొక్కే మందు గుళికలు) తట్టుకుంటాయో ఆపరేటర్‌కి తెలుస్తుంది. ఆర్‌పీఎం పెంచమని ఒత్తిడి పెడితే మాత్ర పైపొర టోపీలా ఊడి లేస్తుంది, బరువు ఊగుతుంది, తర్వాత ఏరడానికి పట్టే టైము మీరు మిగుల్చుకున్నదానికన్నా ఎక్కువ. గ్రాన్యూల్స్ ఆరబెట్టే ఫ్లూయిడ్ బెడ్ డ్రయ్యర్ దగ్గర, నిప్పురవ్వ పుట్టకుండా చూసే ఎర్తింగ్ క్లిప్ వదులుగా ఉందని మనిషి చెప్పినప్పుడు "ఈ లాట్ అయ్యాక చూద్దాం" అన్నవాడు గట్టి బాస్ కాదు, ప్రమాదకరమైన బాస్. 2024 ఆగస్టులో అచ్యుతాపురం, 2025 జూన్‌లో పాశమైలారం ఫార్మా ప్లాంట్లలో పేలుళ్లు చూశాక ప్రతి ఇంట్లోనూ డ్యూటీకి వెళ్లేవాడిని "అక్కడ ప్రమాదం లేదు కదా" అని అడుగుతున్నారు. "ఆపు" అనే హక్కు ఆపరేటర్‌కి ఉందని మొదటి రోజే చెప్పండి. ఎవరైనా ఆపితే, కారణం తేలేదాకా టార్గెట్ ఊసు ఎత్తకండి. అది తప్పుడు అనుమానమని తేలినా సరే.

పరవాడ_కంప్రెషన్ రాశారు:

అందరికీ కృతజ్ఞతలు. నవంబర్ 10 సంగతి, సీ నుంచి ఏకి 24 గంటల సంగతి నేనెప్పుడూ అలా లెక్కేసి చూడలేదు. ఇంకో రెండు అడుగుతాను. సీనియర్లు ఆరుగురితో ఎలా మొదలుపెట్టాలి? పొద్దున్న ప్రొడక్షన్ మీటింగ్‌లో షిఫ్ట్ గురించి ఎలా చెప్పాలి?

క్యూఏ_గది జవాబు:

రెండో దానికి ముందు. మీటింగ్‌లో పడిపోయిన బ్యాచ్ గురించి "మా షిఫ్ట్‌లో జరిగింది, కారణం వెతుకుతున్నాం" అనండి. పేరు చెప్పకండి, పేరు డీవియేషన్ ఫారంలో ఎలాగూ ఉంటుంది. బాగా జరిగినదానికి మాత్రం పేరు పెట్టి చెప్పండి, ఏం చేశాడో కూడా. "ఫలానా ఆయన అప్పర్ పంచ్ శబ్దం తేడా పట్టి ఆపబట్టి డై (మాత్ర అచ్చు) పాడవలేదు" అన్నట్టు. "టీమ్ బాగా చేసింది" అంటే ఎవరికీ అందదు. 1979 ఆగస్టు 10న శ్రీహరికోటలో మొదటి ఎస్‌ఎల్‌వీ-3 విఫలమైనప్పుడు పత్రికల ముందుకు ఇస్రో అధిపతి సతీష్ ధావన్ వచ్చి బాధ్యత తీసుకున్నారు. 1980 జూలై 18న విజయం దక్కినప్పుడు ప్రాజెక్టు డైరెక్టర్ కలాంను మాట్లాడమన్నారు. కలాం ఆ సంగతి తర్వాత ఎన్నో సభల్లో చెప్పారు. మన మీటింగ్ చిన్నదే, కానీ అక్కడ ఎవరి పేరు ఎలా వచ్చిందన్నది క్యాంటీన్‌కి పది నిమిషాల్లో చేరుతుంది.

సీనియర్ల విషయం. వాళ్లని ఇంతకుముందు అన్నా అని పిలిచేవారైతే ఇప్పుడూ అన్నా అనే పిలవండి. కుర్చీ మారిందని పిలుపు మార్చకండి. 28 మందితోనూ విడివిడిగా పదేసి నిమిషాలు మాట్లాడండి, షిఫ్ట్‌కి నలుగురు చొప్పున ఏడు షిఫ్ట్‌ల్లో అయిపోతుంది. మొదట సీనియర్లతో కాకుండా రోస్టర్ వరసలోనే పిలవండి, లేకపోతే అందులోనూ అర్థాలు వెతుకుతారు. అడగాల్సినవి రెండే. రోజూ మీ పనికి అడ్డం పడేది ఏమిటి? నేను మార్చకూడనిది ఏమిటి? రెండో ప్రశ్నే సీనియర్లకి ముఖ్యం, ఎందుకంటే వాళ్లు ఏళ్ల తరబడి కుదుర్చుకున్న సెట్టింగులు, పద్ధతులు కొత్తవాడు వచ్చి కదిలిస్తాడేమోనన్నదే వాళ్ల భయం.

రాసుకున్నవాటిలోంచి చేతిలో పని ఒకటి పదిహేను రోజుల్లోగా చేసి చూపించండి. సైజు సరిపోని గ్లౌజులు, అరిగిపోయిన అలెన్ కీ సెట్, డై టేబుల్ దగ్గర వెలుతురు చాలని లైటు. మీ చేతిలో లేనివి, జీతం, పర్మనెంట్ చెయ్యడం లాంటివి ఎవరైనా అడిగితే "అది నా చేతిలో లేదు, ఎవరి చేతిలో ఉందో చెప్తాను" అని ఆ మనిషిని అక్కడిదాకా తీసుకెళ్లండి.

సీనియర్లలో ఒకరు మీ మాట వినకుండా పాత పద్ధతిలోనే లైన్ క్లియరెన్స్ (పాత బ్యాచ్‌ది ఏదీ మిగల్లేదని తేల్చే సంతకం) ఇచ్చేస్తుంటే, అందరి ముందూ ఆపకండి, అలాగని వదలనూ వద్దు. ఆయన చెక్‌లిస్ట్ పట్టుకుని లైన్ మొత్తం ఆయనతో కలిసి నడవండి. హాపర్ వెనక, మాత్రల దుమ్ము దులిపే డీడస్టర్ కింద, మెటల్ డిటెక్టర్ రిజెక్ట్ డబ్బాలో పాత మాత్ర ఒకటి మిగిలి ఉండే చోట్లు ఆయనకే బాగా తెలుసు. "ఈ చోట్లు కొత్తవాళ్లకి మీరే చూపించండన్నా" అని ఇద్దరు కుర్రాళ్లని ఆయనకి అప్పగించండి. నేర్పే మనిషి తను దాటవెయ్యలేడు.